సైలెన్సర్‌కి బొక్క పెడితే చైన్ సాకి పవర్ పెరుగుద్దా? తుమ్మ మొద్దుల్లో అసలు దిగట్లా

పొలంగట్టు:
అన్నలూ నమస్తే. 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫానుకి మా బాపట్ల పక్కన చెట్లు పడిపోయినప్పుడు 58 సీసీ మిషన్ ఒకటి కొన్నా, చైన్ తిరిగే బారు 22 అంగుళాలు. మామిడి కొమ్మలూ సరుగుడూ బాగానే కోసింది. ఇప్పుడు గట్టు మీద ఎండిపోయిన తుమ్మ మొద్దులు ఇంటి పొయ్యిలోకి ముక్కలు చేద్దామంటే అసలు దిగట్లా, పావు గంటకే చేతులు పడిపోతన్నాయి. మా ఊళ్ళో ఒకతను సైలెన్సర్ విప్పి పక్కన బొక్క కొట్టాడు, సౌండ్ మాత్రం దద్దరిల్లిపోతంది, పవర్ కూడా పెరిగిందంటన్నాడు. నిజంగా పెరుగుద్దా? డ్రిల్లు మిషన్ నా దగ్గరే ఉంది, రేపు పెట్టేద్దామనుకుంటన్నా.

ఖమ్మం టూస్ట్రోక్:
తమ్మీ ఆగు, బొక్క సంగతి తర్వాత. కోస్తుంటే కింద పడేది పేళ్ళా, పిండా?

పొలంగట్టు:
పిండే అన్నా, మైదా పిండిలాగా సన్నగా పడతంది. పొగ కూడా వస్తంది. ఇంకోటి, కోత తిన్నగా దిగకుండా కుడి పక్కకి వంకర పోతంది.

ఖమ్మం టూస్ట్రోక్:
అయితే నీ ఇంజన్‌కి ఏం రోగం లేదు, చైన్ సచ్చిపోయింది. పదునున్న చైన్ అయితే నువ్వు నొక్కే పనే లేదు, మిషన్ బరువుకే దిగుతది, పేళ్ళు దండిగ ఎగిరిపడతయ్. నువ్వు నొక్కుతున్నవంటే చైన్ కోస్తలేదు, రాకుతున్నది అన్నట్టు. కుడికి పోతుందంటే కుడి దిక్కు పళ్ళు ఇంకా పదునున్నయ్, ఎడమ పళ్ళు మొద్దుబారినయ్ లేకపోతే పొట్టిగయినయ్. మట్టంటిన మొద్దు కోసినా, మొద్దు దాటి చైన్ నేలకు తగిలినా ఒక్క క్షణంల పదును పోతది.

మిషన్ ఆపి, ప్లగ్ క్యాప్ పీకేసి, ఒక్క పన్నును ఎండలకు పట్టి చూడు. అంచు మీద సన్నటి తెల్ల గీత తళుక్కుమంటే అది మొద్దుబారిన పన్ను. పదునున్న అంచు మీద వెలుతురు నిలవదు, నల్లగ కనపడతది. మూల దగ్గర బాగా చూడాలె, పనంతా ఆ మూలదే.

ఈ 58 సీసీ మిషన్లకు ఎక్కువ .325 పిచ్ (లింకుల మధ్య దూరం, అంగుళాలల్ల) చైన్ వస్తది, బారు మీద రాసి ఉంటది చూసుకో. .325కి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలె. అందరూ చేసే తప్పు ఇక్కడనే, షాపుల ఏది ఇస్తే అది తెచ్చుకుంటరు, 4 మిల్లీమీటర్లదయితే పన్నుకు కొక్కెం పడతది, 5.5దయితే అంచు మొండిగ వస్తది.

పెద్ద మొద్దుల ఒక గాడి కోసి బారు అందుల ఇరికించు, కదలొద్దు. మొదలుపెట్టిన పన్నుకు మార్కర్ గుర్తు పెట్టు. ఆకురాయి అడ్డంగ మట్టంగ ఉండాలె, 30 డిగ్రీల వాలు. చానా చైన్లకు పన్ను మీద వెనక దిక్కు సన్న గీత ఉంటది, దానికి సమానంగ పట్టుకుంటే సాలు. ఆకురాయి మందంల ఐదో వంతు పన్ను పైకి కనపడాలె. లోపలి నుంచి బయటికి తొయ్యి, వెనక్కి లాగేటప్పుడు పైకి లేపు, రెండు దిక్కులా గీకితే ఆకురాయి పాడయితది, అంచు కూడా చెడుతది. ఒక దిక్కు పళ్ళన్నీ అయినంక ఇంకో దిక్కు. బాగా పొట్టిగ ఉన్న పన్నును చూసి మిగతావన్నీ దాని పొడుగుకు తేవాలె, అప్పుడే కోత తిన్నగ పోతది.

నాలుగు సార్లు పదును పెట్టినంక పన్ను ముందుండే చిన్న బుడిపె, అదే రేకర్, దాన్ని కూడా దించాలె. పన్ను కన్నా 0.65 మిల్లీమీటర్లు కిందికుండాలె, రేకర్ గేజ్ అని దొరుకుతది, దాన్ని పెట్టి చదును ఆకురాయితోని గీకు. కండ్ల అందాజతోని మాత్రం దించకు, ఎక్కువ దించితే చైన్ కట్టెను పట్టుకొని గుంజుతది, మిషన్ మొఖం మీదికి లేస్తది.

గోదారి సరుగుడు:
పైన చెప్పినాయన మాట వినండి. ఇంకో రెండు మాటలు నావి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ బారుకి పొయ్యొద్దు, అందులో ఇనప రజను ఉంటుంది, బారు గాడి అరిగిపోయినా కోత వంకర పోతుంది. అలాగే ఎండు తుమ్మకి 22 అంగుళాల బారు పెద్దదైపోయిందండి, మొద్దుల మందం అడుగున్నర లోపే అయితే 18 అంగుళాల బారు, 72 లింకుల చైన్ వేసుకోండి, ఇంజన్ మీద భారం తగ్గిపోయి మిషనే మారిపోయినట్టుంటుంది. గేజ్, అంటే బారు గాడి వెడల్పు, కొత్త బారుదీ చైన్‌దీ కలవాలి, చూసుకుని కొనండి.

ఖమ్మం టూస్ట్రోక్:
ఇగ సైలెన్సర్ సంగతి. పవర్ అసలు పెరగదని నేను చెప్ప, కొద్దిగ పెరుగుతది. పొగ పోయే తొవ్వ చిన్నగుంటే ఇంజన్‌కు ఊపిరాడదు, పెద్దగ చేస్తే గాలి ఎక్కువ గుంజుతది. గాలి ఎక్కువయి పెట్రోల్ అంతే ఉంటే మంట వేడెక్కుతది, టూస్ట్రోక్‌ల ఆయిల్ వచ్చేదే పెట్రోల్‌తోని కాబట్టి పిస్టన్‌కు ఆయిల్ కూడా తగ్గినట్టే. మా షాపుకు అట్ల బొక్క పెట్టిన మిషన్ ఒకటొచ్చింది, సిలిండర్ విప్పితే పొగ పోయే దిక్కు పిస్టన్ మీద పైనుంచి కిందికి గీరలు, గోరు పెడితే గోరు దిగుతుంది. సిలిండర్, పిస్టన్, రింగులు అన్నీ పోయినయ్. పాపం ఆయన కార్బరేటర్‌కు చెయ్యే పెట్టలేదు.

పెట్టాలనే ఉంటే సైలెన్సర్ మొత్తం విప్పి పక్కకు తీసుకపోయి పెట్టు, ఇంజన్ మీదనే డ్రిల్లు పెడితే ఇనుప రజను సిలిండర్లకు పోతది. మళ్ళ బిగించినంక కార్బరేటర్ మీద ఫుల్ రేజ్‌ల పెట్రోల్ పెంచే హెచ్ స్క్రూ కొద్దికొద్దిగ విప్పాలె. కట్టె మీద పెట్టకుండ ఫుల్ రేజ్ ఇస్తే గరగరమనాలె, కట్టెల దిగినంక ఆ గరగర పోయి సాఫీగ రావాలె. గరగర లేకుండ సన్నగ కీచుమంటుంటే వెంటనే ఆపు, అది కాలిపోతున్న సౌండ్. చెవికి అలవాటు లేకపోతే ఈ పనికి పోకు.

వలసపక్షి:
నేను కాలిఫోర్నియాలో ఉంటా, ఇంట్లో ఫైర్‌ప్లేస్‌కి కట్టెలు నేనే కోసుకుంటా. ఇక్కడ అడవుల పక్కన నిప్పురవ్వల జాలీ లేని మిషన్ వాడితే చట్టరీత్యా తప్పు. సైలెన్సర్ నోట్లో ఉండే ఆ చిన్న జాలీని మనవాళ్ళు పీకి పారేస్తారు, దయచేసి ఆ పని చెయ్యకండి, మీకు గట్టు నిండా ఎండుగడ్డి ఉంటుంది, ఒక్క రవ్వ చాలు. జాలీ మసి పట్టి మూసుకుపోయినా పవర్ పడిపోతుంది, విప్పి వైరు బ్రష్‌తో రుద్దితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, డబ్బులు కూడా ఖర్చు కాదు. సౌండ్ గురించి కూడా చెప్పాలి, బొక్క పెట్టకముందే ఈ మిషన్లు 110 డెసిబెల్స్ దాకా వస్తాయి, చెవులకి మఫ్స్ పెట్టుకోకుండా రోజూ కోస్తే వినికిడి పోతుంది, పోయింది తిరిగి రాదు.

పొలంగట్టు:
అన్నలూ, మూడు రోజులు పట్టింది గానీ చేశా. నా దగ్గరున్న ఆకురాయి కొలిస్తే 5.5 అంట, ఇన్నాళ్ళూ దాంతోనే గీకతన్నా! చీరాల్లో 4.8ది దొరికింది. ఎడమ పళ్ళు నిజంగానే మొండిగా ఉన్నాయి, మూల మూలకీ తెల్ల గీత. అన్నీ సరిచేసేసరికి గంటన్నర పట్టింది, వేళ్ళు నొప్పెట్టినాయి. జాలీ విప్పితే సగం మసి. పొద్దున తుమ్మ మొద్దు మీద పెడితే నేను నొక్కకుండానే దిగిపోయింది, పేళ్ళు వచ్చి చొక్కా జేబులో పడ్డాయన్నా, వంకర కూడా పోలా. డ్రిల్లు మిషన్ సంచిలో పెట్టేశా.

ఒక్క డౌటు, పెట్రోల్ లీటరుకి ఆయిల్ ఎంత కలపాలి? నేను అందాజుగా పోస్తన్నా.

ఖమ్మం టూస్ట్రోక్:
మంచిగ చేసినవ్ తమ్మీ. అందాజ అస్సలొద్దు, నీ మిషన్ పుస్తకంల 25:1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అని ఉంటే 20, సిరంజితోని కొలిచి పొయ్యి. నీ జాలీకి సగం మసి పట్టిందంటే ఆయిల్ ఎక్కువే పోస్తున్నవేమో. ఇంకోటి, బంకుల ఇప్పుడు దొరికేది ఇథనాల్ కలిసిన పెట్రోల్, తేమ గుంజుతది, కలిపింది నెలకు మించి పెట్టకు. మిషన్ పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, దానంతట అదే ఆగిపోయేదాక నడిపి పెట్టు.