నాలుగింటికే నిద్రలేపే పిల్లి, చీలికలైన సోఫా... ఏం చేస్తే మాట వింటుంది?

ఐదోఅంతస్తు

నమస్కారమండీ. మాది హైదరాబాద్‌లో ఫ్లాటు. పిల్లి మామూలు నాటుదే, మగది, పదకొండు నెలలు, బరువు 3.8 కిలోలు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఇంకా చేయించలేదు. పొద్దున కాస్త పెరుగన్నం, రాత్రి ఎనిమిదింటికి గిన్నె నిండా డ్రై ఫుడ్ పెడుతున్నాం. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు.

దాని ఘనకార్యాలు: తెల్లవారుజామున నాలుగింటికి మొహమ్మీద పంజాతో తట్టి లేపడం, సోఫా చెయ్యి ఒక పక్క పూర్తిగా చీల్చేయడం, స్టవ్ గట్టెక్కి పాలగిన్నె మూత పడేయడం, తులసి కుండీలో మట్టి తవ్వి అక్కడే కానిచ్చేయడం. తిట్టాం, నీళ్లు చిలకరించాం. ఎవరూ చూడనప్పుడు మళ్లీ అదే పని. గోకడానికి పెట్ షాపులో కొన్న అడుగున్నర స్తంభం ఉంది, దాని మొహం కూడా చూడదు. ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రిపూట

ముందు నాలుగింటి సంగతి. పిల్లికి సహజంగా హుషారెక్కేది సంధ్యవేళల్లో, అంటే తెల్లవారకముందూ చీకటిపడేముందూ. పగలంతా ఒంటరిగా నిద్రపోయి, ఎనిమిదింటికి గిన్నె ఖాళీ చేసిన పిల్లికి నాలుగయ్యేసరికి ఆకలీ ఉంటుంది, వాడని బలమూ ఉంటుంది. మీరు లేచి నాలుగు గింజలు పెట్టారా, తడితే అన్నం వస్తుందని నేర్పినట్టే.

తిండిని విడగొట్టండి. ఈ బరువుకి రోజుకి దాదాపు 200 నుంచి 250 కిలోకేలరీలు చాలు. డ్రై ఫుడ్ సంచి వెనక 100 గ్రాములకి ఎన్ని కేలరీలో రాసి ఉంటుంది, సాధారణంగా 350 నుంచి 400 మధ్య. ఆ లెక్కన రోజంతటికీ 60 గ్రాములు, కాస్త అటూ ఇటూ. కళ్లతో కొలవకుండా వంటింటి కాటాలో తూచండి. పొద్దున 15, సాయంత్రం 15, మీరు పడుకునేముందు 20 గ్రాములు. మిగిలిన పది గ్రాములు పగటికి: ఒక ప్లాస్టిక్ సీసాకి గింజకన్నా కొంచెం పెద్ద రంధ్రాలు నాలుగైదు పెట్టి అందులో పోసి వదిలేయండి. దొర్లిస్తే ఒక్కొక్కటీ రాలతాయి, దానికి పగలు పని దొరుకుతుంది. రంధ్రాల అంచులు గరుకు కాగితంతో రుద్దాలి, లేకపోతే ముక్కు గీసుకుంటుంది.

పడుకునేముందు పది పదిహేను నిమిషాలు కర్రకి కట్టిన ఈకతో ఆడించండి. మొహం ముందు ఊపితే లాభం లేదు. ఈక దాన్నుంచి దూరంగా పారిపోవాలి, సోఫా చాటున నక్కాలి, మధ్యమధ్య దొరకాలి కూడా. ఆట అయిన వెంటనే ఆ 20 గ్రాములు. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర, ఈ వరుసలోనే పిల్లి రోజు నడుస్తుంది. లేజర్ లైటుతో ఆడిస్తే చివర్లో నోటికందే బొమ్మో గింజో ఇవ్వండి. ఏమీ పట్టుకోలేని ఆట కొన్ని పిల్లుల్లో చిరాకు పెంచుతుంది.

నాలుగింటికి తడితే కదలకండి, తిట్టకండి. తిట్టు కూడా దానికి పలకరింపే. మొదటి వారం గోల ఇంకా పెరుగుతుంది, ఇంతకుముందు పనిచేసిన ఉపాయం ఇప్పుడెందుకు పనిచేయడం లేదని గట్టిగా ప్రయత్నిస్తుంది. అక్కడ ఒక్కరోజు లొంగినా ఆ వారమంతా వృథా. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి, ముఖ్యంగా "పాపం ఆకలేస్తోందేమో" అనే పెద్దవాళ్లు.

పెరుగన్నం చెంచాడు తింటే ప్రమాదమేం లేదు, కానీ అది భోజనం కాదు. పిల్లికి మాంసాహారమే ఆధారం, మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం లేని తిండితో కళ్లూ గుండే దెబ్బతింటాయి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి.

ఉలిసుత్తి

అడుగున్నర స్తంభాన్ని చూడకపోవడంలో దాని తప్పేం లేదు. పిల్లి గోకేది గోళ్ల పై పొర ఊడడానికీ, వాసన గుర్తు పెట్టడానికీ, ఒళ్లు విరుచుకోవడానికీ. నిలబడి పూర్తిగా సాగాలంటే దాదాపు 80 సెంటీమీటర్ల ఎత్తు కావాలి, బరువంతా వేసి లాగినా కదలకూడదు. షాపుల్లో దొరికే చిన్నవి రెండిట్లోనూ తప్పుతాయి. ఒక్కసారి ఒరిగి మీద పడితే మళ్లీ దాని జోలికి వెళ్లదు. మీ సోఫా ఎత్తుగా ఉంది, బరువుగా ఉంది, బట్టలో గోరు దిగుతుంది. అంతకన్నా మంచిది ఇస్తేనే వదులుతుంది.

ఇంట్లోనే చేసుకోవచ్చు. కావలసినవి: 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క 45 × 45 సెంటీమీటర్లు, నాలుగంగుళాల పీవీసీ డ్రైనేజీ పైపు 90 సెంటీమీటర్లు, దానికి రెండు ఎండ్ క్యాపులు, ముప్పావు అంగుళం స్క్రూలు నాలుగు, వాషర్లు, సాల్వెంట్ సిమెంట్ (పీవీసీ అతికించే జిగురు), 10 మిల్లీమీటర్ల జనపనార తాడో కొబ్బరితాడో 31 మీటర్లు, పొడి ఇసుక ఐదారు కిలోలు. ఆ పైపు బయటి వ్యాసం 110 మిల్లీమీటర్లు. తాడు మందం కలుపుకుంటే ఒక్కో చుట్టుకి 38 సెంటీమీటర్ల దాకా పడుతుంది. 80 సెంటీమీటర్ల ఎత్తుకి 80 చుట్లు, అందుకే 31 మీటర్లు. ఇరవై కొని మధ్యలో అతుకు వేస్తే సరిగ్గా ఆ అతుకు దగ్గరే పీకుతుంది.

ఒక క్యాపుని బోర్లించకుండా, నోరు పైకి ఉండేలా ప్లైవుడ్ నడిమధ్య పెట్టి లోపలినుంచి నాలుగు స్క్రూలూ వాషర్లతో బిగించండి. పైపుకి కింద, క్యాపు అంచుకి కొంచెం పైన ఒక రంధ్రం, పై చివర ఇంకోటి. తాడు కొస కింది రంధ్రంలోంచి లోపలికి తోసి ముడి వేయండి. మేకు కొట్టకండి, తాడు అరిగేసరికి మేకు తల బయటికొచ్చి పంజా చీరుకుంటుంది. తర్వాత పైపుని సాల్వెంట్ సిమెంట్‌తో క్యాపులో దించి ఒక రాత్రి కదపకుండా వదిలేయండి. పైపు నున్నగా ఉంటుంది కాబట్టి గరుకు కాగితంతో బాగా రుద్దాకే చుట్టడం మొదలుపెట్టాలి. ప్రతి నాలుగైదు చుట్లకీ సుత్తితో కిందికి తట్టి బిగించండి. వడ్రంగులు వాడే తెల్ల జిగురు పీవీసీకి అంటదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పై ముడి కూడా లోపల వేశాక సగం దాకా ఇసుక పోసి రెండో క్యాపు మూసేయండి.

నైలాన్ తాడు వద్దే వద్దు. గోరు జారుతుంది, పోగులు ఊడి కడుపులోకి పోతాయి. కొబ్బరితాడు చవక, కాకపోతే సాగుతుంది, రెండు మూడు నెలలకోసారి విప్పి బిగించాలి. పీచు కూడా రాలుతుంది, ఊడ్చుకోవాల్సిందే.

పెట్టే చోటు ముఖ్యం. బాల్కనీ మూలన కాదు, చీల్చిన సోఫా చేతికి ఆనించినట్టు పెట్టండి. అలవాటయ్యాక వారానికి ఒక అడుగు చొప్పున జరపొచ్చు. పంజాలు పట్టుకుని స్తంభానికి రుద్దకండి, బెదిరిపోతుంది. ఈకని స్తంభం పైదాకా పాకిస్తే అదే ఎక్కుతుంది. రోడ్డు పక్కన, ఖాళీ స్థలాల్లో కుప్పింటాకు మొక్క ఉంటుంది, కొన్నిచోట్ల మురిపిండాకు అంటారు. దాని వేరు వాసనకి చాలా పిల్లులు పొర్లుతాయి. తాజా వేరు కడిగి తాడుకి రుద్దండి. ఎండితే పనిచేయదు, తినడానికి మాత్రం ఇవ్వకండి.

కుట్టుమిషను

పై స్తంభం సరే. అది అలవాటయ్యేదాకా సోఫా సంగతి చూడాలి కదా. రెండు వైపులా అంటుకునే టేపు అతికించమని అందరూ చెప్తారు. బట్ట సోఫాకి ఫరవాలేదు. రెక్సిన్ అయితే టేపు పీకినప్పుడు పై పొర కూడా లేచిపోతుంది, మన ఎండలకి జిగురు కరిగి మరకవుతుంది. రెక్సిన్‌కి మందపాటి ప్లాస్టిక్ షీటు చుట్టి వెనక పిన్నులు పెట్టడం మేలు.

గోళ్లు రెండు మూడు వారాలకోసారి కత్తిరించండి. వేలి మెత్త నెమ్మదిగా నొక్కితే గోరు బయటికొస్తుంది. చివర పారదర్శకంగా కనిపించే ఒకటి రెండు మిల్లీమీటర్లే తీయాలి. లోపలి గులాబీ రంగు భాగంలో రక్తనాళం ఉంటుంది. ఒకే రోజు అన్నీ అక్కర్లేదు, నిద్రమత్తులో ఉన్నప్పుడు రెండు వేళ్లయినా చాలు.

ఐదోఅంతస్తు

చాలా థాంక్స్ అండీ. సోఫా బట్టదే. ఇంకో సందేహం: బాల్కనీకి పావురాలు రాకుండా నెట్ వేయించి ఉంది. పిల్లికి అది చాలుతుందా? గట్టు, తులసి కుండీ సంగతి కూడా చెప్పరూ?

మందులచీటీ

పావురాల నెట్ పావురాన్ని ఆపడానికే, నాలుగు కిలోల పిల్లి ఎగిరి వేలాడితే ఆగుతుందని నమ్మకం లేదు. గడి 30 మిల్లీమీటర్లకి మించకూడదు. నాలుగు వైపులా అడుక్కో స్టీలు హుక్కు ఉండాలి, కింది అంచుతో సహా. చాలామంది కింద వదులుగా వదిలేస్తారు, పిల్లి దూరేది అక్కడే. ఎండకి నైలాన్ పెళుసుబారుతుంది, రెండు వేళ్లతో లాగితే పుటుక్కుమంటే మార్చేయండి. కిటికీలకి ఫైబర్ దోమతెర గోటికి చిరుగుతుంది, స్టీలు జాలీ వేయించండి.

గట్టు విషయం. పిల్లికి ఎత్తు కావాలి, గట్టు మీద ఎత్తూ ఉంది, పాలూ ఉన్నాయి. పాలు చల్లారగానే ఫ్రిజ్‌లోకి, గిన్నెలు సింకులో రాత్రంతా ఉంచకుండా కడిగేయడం, ఈ రెండూ చేస్తే సగం ఆకర్షణ పోతుంది. పాతకాలం ఇళ్లలో ఉట్టి కట్టింది ఊరికే కాదు! ఎక్కడానికి బదులు చోటు చూపించండి: కిటికీ పక్కన బీరువా మీద పాత దుప్పటి, అక్కడికి చేరడానికి ఒక స్టూలు. గట్టెక్కితే అరవకుండా దించి అక్కడ పెట్టి రెండు గింజలివ్వండి. నీళ్లు చిలకరిస్తే నేర్చుకునేది "మనిషి ఉన్నప్పుడు ఎక్కకూడదు" అనే. మీరు చెప్పింది అదే కదా.

తులసి కుండీలో మట్టి కనపడకుండా మూడు నాలుగు సెంటీమీటర్ల గులకరాళ్లు పరవండి. లిట్టర్ పెట్టె, అంటే పిల్లి మలమూత్రాలకి పెట్టే ఇసుక పెట్టె కూడా చూడండి. పొడవు పిల్లికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, ఉండకట్టే ఇసుక ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల లోతు, రోజుకి రెండుసార్లు ఎత్తివేయాలి. వాషింగ్ మెషీన్ పక్కన పెడితే అది ఒక్కసారి గడగడలాడినా చాలు, కుండీనే నయమనుకుంటుంది.

ఇక అల్లరికన్నా ప్రమాదమైనవి. పూలదండ దారం, సూదిలో దారం, రబ్బరు బ్యాండు: పిల్లి నాలుక మీది ముళ్లు గొంతువైపు వంగి ఉంటాయి, నోట్లోకి పోయిన దారాన్ని ఉమ్మలేదు, మింగేస్తుంది. పేగులు ముడతలు పడి కోసుకుపోతాయి. నోట్లోంచో వెనకనుంచో దారం కనిపిస్తే లాగకండి, అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పూజగదిలో దండలు తీసిన వెంటనే మూతున్న డబ్బాలో వేయండి. కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు అందకూడదు. నేల తుడిచే నల్ల ఫినాయిల్ మానేయండి. అలాంటి రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ, తడి నేల మీద నడిచి పాదాలు నాకితే విషమే. పారాసెటమాల్ ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ పేల మందు కూడా అంతే. బొకేలో లిల్లీ జాతి పూలుంటే ఇంట్లోకే తేవద్దు, పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి. ఫ్రంట్ లోడ్ మెషీన్ ఆన్ చేసేముందు డ్రమ్ములోకి ఓసారి చూడండి.

రాత్రిపూట

ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తలేదు. ఐదారు నెలలకే చేయించవచ్చు, మీది పదకొండు నెలల మగపిల్లి. ఇంక ఆలస్యమైతే గోడలకి మూత్రం చిమ్మడం మొదలుపెడుతుంది, ఆ వాసన ఒక పట్టాన వదలదు. అలవాటు కాకముందే చేయిస్తే చాలావాటిలో అసలు రాదు, బయటికి పారిపోవాలనే తహతహ కూడా తగ్గుతుంది. హార్మోన్ తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది, మర్నాటికే సాధువైపోవాలని చూడకండి. తర్వాత ఆకలి పెరిగి ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, పైన చెప్పిన 60 గ్రాములని 50కి తెచ్చి నెలకోసారి బరువు చూడండి.

మందులచీటీ

దానికి ఇంకొక్కటి. ఆపరేషన్ అయినా కాకపోయినా మగపిల్లి పెట్టెలో పదేపదే కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే మలబద్ధకం అనుకుని ఆగకండి. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా ఆస్పత్రికే.

అలాగే ఆటలో గీరినా కొరికినా సబ్బుతో పావుగంట పారే నీటి కింద కడిగి, రేబిస్ టీకా గురించి డాక్టర్ని అడగండి. పిల్లికి టీకాలు వేయించి ఉంటే ఆ కార్డు వెంట తీసుకెళ్లండి.

ఐదోఅంతస్తు

టీకాలు అయ్యాయండీ, కార్డు ఉంది. ప్లైవుడ్ కోయించి తెచ్చాను. పైపు షాపులో మూడంగుళాలదే ఉందంటున్నాడు, దాంతో చేస్తే?

ఉలిసుత్తి

చేయొచ్చు. దాని బయటి వ్యాసం 75 మిల్లీమీటర్లు, తాడు 22 మీటర్లు సరిపోతుంది. కాకపోతే లోపల పట్టే ఇసుక సగమే కాబట్టి తేలికవుతుంది. పైపు నిండుగా పోయండి, అడుగు చెక్క 45 బదులు 55 సెంటీమీటర్లు పెట్టండి. ఇప్పటికే కోయించేశారంటున్నారు కదా, అయితే ఇంకో షాపు చూడడమే తేలిక.