ఇంజిన్ ఆపగానే ఫ్యూయల్ ప్రెషర్ పడిపోతోంది

2003 మారుతి ఎస్టీమ్ కారు, ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో ఇంధనం చిమ్మే) పెట్రోల్ ఇంజిన్. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. వేడి మీద ఆపి అరగంట ఆగితే మాత్రం పది సెకన్ల దాకా తిప్పాలి.

ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాక రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం) దగ్గర ప్రెషర్ గేజ్ పెట్టాను. ఐడిల్‌లో 32 పీఎస్ఐ, రెగ్యులేటర్ (రైల్‌లో ప్రెషర్‌ని అదుపు చేసేది) వాక్యూమ్ పైపు పీకితే 40. పైపులో పెట్రోల్ తడి లేదు. ఆపాక ఐదు నిమిషాల్లో 10కి దిగుతోంది. రిటర్న్ పైపు (మిగిలిన పెట్రోల్ ట్యాంక్‌కి తిరిగి వెళ్లేది) క్లాంప్ చేసినా, అంటే నొక్కి మూసినా, అంతే. ట్యాంక్ నుంచి పెట్రోల్ వచ్చే పైపు క్లాంప్ చేస్తే కాస్త నెమ్మదిగా, అయినా దిగుతూనే ఉంది. ప్లగ్గులు నాలుగూ పొడిగానే ఉన్నాయి.

మెకానిక్ అడ్జస్టబుల్ రెగ్యులేటర్ వేద్దామంటున్నాడు. నడుస్తున్నప్పుడు ప్రెషర్ బాగానే ఉంటే అదెందుకో నాకు అర్థం కావట్లేదు.

ట్యాంక్ దించి పంపు తీసేముందు, లీక్ పంపు చెక్ వాల్వ్‌దా (పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపేది), ఇంజెక్టర్లదా అని కచ్చితంగా తేల్చేదెలా?