ఎమ్మెస్సీ మ్యాథ్స్‌తోని సముద్రం మీద పీహెచ్‌డీ అయితదా?

మూసీగట్టు: నల్లగొండల ఎమ్మెస్సీ మ్యాథ్స్ పిల్లలు అడుగుతున్నరు, సముద్ర ప్రవాహాల పరిశోధనకు పోవచ్చా అని. ఫిజిక్స్ చదివినోళ్లకే అది నప్పుతది.

పాలమూరు లెక్కలు: ఎందుకు సార్? గేట్‌ల ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపరు రాయాలె. ఇంజినీరింగ్ మ్యాథ్స్ అందరికీ తప్పనిసరి. దానికి తోడు ఫ్లూయిడ్ మెకానిక్స్, వాతావరణ-సముద్ర శాస్త్రం విభాగాలు పట్టుకుంటే చాలు. మూడింట్ల రెండు లెక్కలోళ్లకు చేతికందేటియే.

మూసీగట్టు: పరీక్ష గట్టెక్కితే సముద్రం తెలిసినట్టా? 1893-96 ఉత్తర ధ్రువ యాత్రల నార్వే అన్వేషకుడు నాన్సెన్ చూసిండు: మంచు గాలి దిక్కుకు పోక 20 నుంచి 40 డిగ్రీలు కుడికి జరుగుతున్నది. 1905ల స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ లెక్క కడితే పైనీళ్లకు 45 వచ్చింది. సుడి స్నిగ్ధత (సుడుల వల్ల నీటి పొరల నడుమ పుట్టే రాపిడి) లోతంతటా ఒక్కతీరే అనుకున్నడు మరి! అది ఎట్ల మారుతదో కొలిచినోడికే తెలుస్తది.

దేవరకొండ: మంచు వేరు, నీళ్లు వేరు గదా.

పాలమూరు లెక్కలు: 45ను పక్కన వెట్టుండ్రి. లోతు పొడుగునా సమాకలనం చేస్తే స్నిగ్ధత పదమే ఎగిరిపోతది. పైన గాలి రాపిడి, అడుగున సున్న. మన ఉత్తరార్ధగోళంల మొత్తం నీటి తరలింపు గాలికి కుడికి 90 డిగ్రీలు, స్నిగ్ధత ఎట్లున్నా సరే. విశాఖ దగ్గర గాలి రాపిడి చదరపు మీటరుకు 0.1 న్యూటన్ అనుకుంటే, ఒడ్డు పొడుగున మీటరుకు సెకనుకు 2.2 ఘనపు మీటర్ల నీళ్లు ఒడ్డు విడిచి నడిసముద్రం దిక్కు పోతయి. నైరుతి గాలికి అక్కడ అడుగు చల్లనీళ్లు పైకొచ్చేది అందుకే.

దేవరకొండ: మన నాగార్జునసాగర్ నీళ్లు గూడ కుడికి పోతయా?

పాలమూరు లెక్కలు: అక్కడ భూభ్రమణం ఒక్క చుట్టు తిప్పాలంటే 42 గంటలు. గాలి అంతసేపు ఒకే దిక్కు కొట్టదు, గట్లు గూడ అడ్డమొస్తయి. వాష్‌బేసిన్ సుడికైతే భూమితోని పనే లేదు.

మూసీగట్టు: సమాకలనం చేసినోళ్లందరు రేపు మా ఫిజిక్స్ పోస్టులకు ఎగవడుతరు. గది చెప్పుండ్రి ముందు!

పాలమూరు లెక్కలు: ఓహో, అసలు బాధ గిదా! మీ పోస్టుకు మాకు అర్హతెక్కడిది సార్? సంబంధిత సబ్జెక్టుల మాస్టర్స్, 55 శాతం అడుగుతరు. మా భయం వేరే ఉన్నది: సముద్రం మీద థీసిస్ రాసొస్తే "ఇది గణితం కాదు" అనేది మా విభాగమే. అందుకే పీహెచ్‌డీల చేరకముందే సీఎస్ఐఆర్ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) గణిత శాస్త్రాలల్ల రాసి పెట్టుకోవాలె.

మూసీగట్టు: నెట్ సంగతి ఒప్పుకుంట. మంచు మాత్రం 45 పోలే.