‘మిళిత పులకుఁడై’: పోతన పద్యంలో పులకింత

హనుమకొండ సభ్యురాలు:
మెదడు పరిశోధన, మార్కెటింగ్, సినిమా మీద ఒక చలనచిత్రోత్సవంలో జరిగిన చర్చ విన్నాను. ప్రేక్షకుల చెమట, గుండె వేగం, కనుపాపల కదలిక కొలిచి, ట్రైలర్‌లో ఏ ముక్క ఉంచాలో తేల్చుకుంటారట! వింటుంటే పోతన భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడి సీసం, దాని కింది ఆటవెలది గుర్తొచ్చాయి:

పలుకు నొక్కచోటఁ బరమేశుఁ గేశవుఁ
బ్రణయహర్ష జనిత బాష్పసలిల
మిళిత పులకుఁడై నిమీలితనేత్రుఁడై
యొక్కచోట నిలిచి యూరకుండు.

నా సందేహం: పులక అంటేనే ఆనందం కదా, మళ్లీ ‘ప్రణయహర్ష జనిత’ (ప్రేమ, సంతోషం వల్ల పుట్టిన) అనడం ఎందుకు?

కాజీపేట సభ్యుడు:
కాదక్కా, పులక అంటే రోమాంచమే, ఒంటి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. చలి వేసినా, భయపడినా, మంచి పాట విన్నా రోమం మొదలు దగ్గర బిగిసేది ఒకే చిన్న కండరం. అందుకే అలంకారికులు రోమాంచాన్ని స్వేదం, అశ్రువులతో కలిపి ఎనిమిది సాత్త్విక భావాల్లో, అంటే మనసు చలిస్తే ఒంటి మీద వాటంతటవే కనబడే గుర్తుల్లో, చేర్చారు గాని, రసమని అనలేదు. చర్మం మీది చెమటను కొలిచే పరికరానిదీ ఇదే ఇబ్బంది. మనిషి ఎంత చలించాడో చెబుతుంది, భయంతోనా సంతోషంతోనా అన్నది చెప్పదు. పోతన ఆ ఖాళీ ఉంచలేదు, కారణం ముందే చెప్పాడు. పోస్టర్ రాసేవారూ ‘ఒళ్లు గగుర్పొడిచే’ అని ఆగరు, పక్కనే ‘పోరాటాలు’ అని చేరుస్తారు.

జనగామ సభ్యుడు:
సరస్వతిని అమ్మనని మాటిచ్చాడని చాటువు చెప్పుకునే బమ్మెర కవిని అమ్మకాల చర్చలోకి లాగారు, బాగుంది!

హనుమకొండ సభ్యురాలు:
తమ్ముడూ, కారణం చెప్పాడన్నది ఒప్పుకుంటాను. కానీ యంత్రాన్ని మరీ చిన్నచూపు చూడకండి. మెదడు శాస్త్రవేత్త ఊరీ హాసన్ బృందం 2008లో ప్రచురించిన పరిశోధనలో, హిచ్‌కాక్ తీసిన ఒక టీవీ కథ చూసినవారి మెదడు పైపొరలో 65 శాతానికి పైగా భాగం ఒకరికొకరికి పోలికగా స్పందించింది. కూర్పు లేకుండా పార్కులో తీసిన వీడియోకు అది 5 శాతం లోపే. కూర్పరి పనితనానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కాజీపేట సభ్యుడు:
చూపు కట్టిపడేయడానికి సాక్ష్యం, సరే. సినిమా గొప్పదా కాదా అన్నది ఆ లెక్క తేల్చదని వాళ్లే స్పష్టం చేశారు. ఇప్పుడు సీస పాదాలు చూడండి. ఒక్కచోట ఏడుస్తాడు, ఒక్కచోట పాడతాడు, నవ్వుతాడు, గంతులు వేస్తాడు. భక్తి ఒక్కటే, గుర్తులు మాత్రం ఇన్ని! పైగా చివర కళ్లు మూసుకున్నాడు. కనుపాపలను వెంబడించే కెమెరా ముందు కూర్చోబెడితే ‘ఇతనికి ఆసక్తి లేదు’ అని పక్కన పెట్టేస్తారు.

పరకాల సభ్యురాలు, విశ్రాంత తెలుగు పండితురాలు:
‘నిలిచి యూరకుండు’ను కూడా లెక్కలో వేయండి. అది స్తంభం, కదలక నిలిచిపోవడం. అశ్రువు, రోమాంచం, స్తంభం కలిపి ఆటవెలది ఒక్కదానిలోనే మూడు సాత్త్వికాలు ఉన్నాయి. అయితే ‘నిమీలితనేత్రుఁడై’ ఆ ఎనిమిదిలో లేదు, దాన్ని అనుభావంగానే, అంటే లోపలి భావాన్ని బయటపెట్టే మామూలు చేష్టగానే చెప్పాలి.