మైనస్ రెండు స్క్వేర్: నాలుగా, మైనస్ నాలుగా?

గోదారిగట్టు:
ఎక్సెల్ గడిలో =-2^2 అని కొట్టండి (^ అంటే ఘాతం), 4 వస్తుంది. అదే ఎక్సెల్‌లో మాక్రోలు రాసుకునే వీబీఏలో -2^2 అంటే -4. పైథాన్‌లో ఘాతానికి ** వాడతారు, అక్కడ -2**2 కూడా -4. బడిలో నేర్చుకున్నదీ అదే: ముందు ఘాతం, తర్వాతే మైనస్. లెక్క ఒకటే అయినప్పుడు జవాబులు రెండెందుకు? ఏ కంప్యూటర్ భాషైనా బాడ్‌మాస్ (బడిలో చెప్పే లెక్కల ప్రాధాన్య క్రమం) దాటకూడదని నా వాదన.

కీబోర్డుకాకా:
ఎక్సెల్‌ది తప్పు అనకండి, రూలు వేరంతే. అక్కడ ముందున్న మైనస్ ఘాతం కంటే ముందే అంటుకుంటుంది. ఆ సంగతి వాళ్ల సహాయ పేజీలోనే ఉంది. తమాషా చూడండి, =0-2^2 అని కొడితే మళ్లీ -4! ఒకే గీత, ఒకచోట గుర్తు, ఇంకోచోట తీసివేత. అసలు గొడవ ఆ గీతతోనే.

అరటితోట:
బడి లెక్క మాత్రం అంత నిలకడగా ఉందా? సైన్ నెత్తిన 2 వేస్తే వర్గం, -1 వేస్తే విలోమ ప్రమేయం. ఇంటర్‌లో దీనికి ఎన్ని మార్కులు పోగొట్టుకున్నానో! కెన్నెత్ ఐవర్సన్ తాను రూపొందించిన ఏపీఎల్ అనే కంప్యూటర్ భాషలో ఈ గీత గొడవ తెంచేశాడు. రుణసంఖ్యకు గీత పైకెత్తి ¯2 అని రాయాలి, మామూలు మైనస్ వేరు. ప్రాధాన్య క్రమమే లేదు, అంతా కుడి నుంచి లెక్కే.

గోదారిగట్టు:
అంటే అందులో 3×2+1 తొమ్మిది! ఐదో తరగతి పిల్లాడికి చెప్పి చూడండి, నవ్వుతాడు. ఆ పైగీత బాగుంది, ఒప్పుకుంటా. కానీ నా కీబోర్డు మీద లేదే?

కీబోర్డుకాకా:
నాకు నచ్చింది జావాస్క్రిప్ట్ పద్ధతి. 2016లో ** చేర్చినప్పుడు -2**2 రాస్తే సింటాక్స్ ఎర్రర్ (రాతలోనే తప్పు) అనేశారు. (-2)**2 కావాలా, -(2**2) కావాలా, నువ్వే చెప్పు అంటుంది.

గోదారిగట్టు:
అది తప్పించుకోవడం. ఎక్స్ వర్గం ముందు మైనస్ పెట్టినా ఆపేస్తుంది. అక్కడ ఎవరికండీ అనుమానం? బహుపది రాసిన ప్రతిసారీ బ్రాకెట్లా?

కీబోర్డుకాకా:
ఎక్సెల్‌లో ఏ1 గడిలో 3 వేసి, పక్క గడిలో దాని వర్గం ముందు మైనస్ పెట్టి =-A1^2 అని కొట్టి చూడండి. 9 వస్తుంది.