సంతకం పెట్టేశాక పడిపోతే ఆ బాధ్యత ఎవరిది?

బరంపురం_బావ: కిందటి డిసెంబరులో మా బావమరిది కొడుకు ఓ బీచ్‌లో పారాసెయిలింగ్ ఎక్కాడు. మనిషిని పారాచూట్‌కి తగిలించి, జీపుకి తాడు కట్టి లాగుతారే, అదే. డ్రైవరు సడన్‌గా బ్రేకు కొట్టాడట. తాడు వదులై, పిల్లాడు దభాలున పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది, రాడ్డు వేశారు. అడగబోతే నడిపేవాడు ఓ కాగితం చూపించాడు: ‘నా ఇష్టంతో ఎక్కుతున్నాను, ఏం జరిగినా బాధ్యత నాదే.’ మేం ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. కాగితం మాత్రం ఇంగ్లీషులో! సంతకమైతే మా పిల్లాడిదే. ఇంకేం చెయ్యలేమా?

గుణుపూర్_మాస్టారు: కష్టమేనండి. కొరివితో తల గోక్కుని కొరివిని తిడితే ఎలా? కోరి ఎక్కాడు, ప్రమాదమని తెలుసు. ప్రతి దెబ్బకీ కేసంటే రేపు ఏ కుర్రాడూ ఆ పని చెయ్యడు. బీచ్‌లో పది కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి.

పర్లాకిమిడి_ప్లీడరు: మాస్టారూ, ఒప్పుకున్నది గాలి వల్ల వచ్చే ప్రమాదానికి. డ్రైవరు నిర్లక్ష్యానికి ఎవరూ ఒప్పుకోలేదు. 2024 ఫిబ్రవరిలో కులూలో తెలంగాణ అమ్మాయి పారాగ్లైడర్ నుంచి జారిపడి చనిపోయింది. బెల్టు సరిగా చూసుకోలేదని పర్యాటక శాఖ వాళ్లే చెప్పారు, పైలట్‌ని అరెస్టు చేశారు. ఇప్పుడు అలాంటి చావుకి భారతీయ న్యాయ సంహిత 106(1) కింద 5 ఏళ్ల దాకా శిక్ష. పాత ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి) 304ఎ కింద రెండేళ్లే ఉండేది.

మీ వాడి విషయంలో వినియోగదారుల చట్టం, 2019 పనికొస్తుంది. డబ్బు తీసుకుని చేసిన సేవలో నిర్లక్ష్యం కూడా ‘లోపమే’. సంఘటన జరిగిన రెండేళ్లలోపు కేసు వెయ్యాలి. ఇంకో మాట, మీరు ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు, బీచ్ ఎక్కడున్నా సరే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

జయపురం_గాలిపటం: నేను మహారాష్ట్రలోని కామ్‌షెట్‌లో పారాగ్లైడింగ్ నేర్చుకున్నవాణ్ణి, కాబట్టి కాస్త చిరాకుగానే రాస్తున్నా. పారాసెయిలింగ్, పారాగ్లైడింగ్ ఒకటి కాదు. మొదటిదానిలో నువ్వు తాడుకి వేలాడే మూటవి, అంతా లాగేవాడి చేతుల్లోనే. రెండోదానిలో రెక్క కింద ఎగురుతావు. మధ్యాహ్నం ఎండ ముదిరితే వేడిగాలి పైకి తన్నుతుంది, రెక్క ఒక పక్క ముడుచుకుపోవచ్చు. మంచి పైలట్‌కీ జరుగుతుంది. కింద తగినంత ఎత్తు ఉంటే సర్దుకుంటాడు, లేదంటే రిజర్వు పారాచూట్ విసురుతాడు. దాన్ని నిర్లక్ష్యం అనకండి.

తొడ పట్టీల బకిల్ పెట్టకుండా కొండ మీంచి పరిగెత్తించడం వేరే సంగతి. పైలట్ ముందు కూర్చున్నవాడు కిందికి జారిపోతాడు. రిజర్వు విసిరితే పైలట్ బతుకుతాడేమో గానీ జారినవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. నేను ఎక్కేముందు రెండు తొడలూ, ఛాతీ, మూడు బకిళ్లూ నా చేత్తో లాగి చూస్తా. పైలట్ మూతి ముడుచుకున్నా సరే.

గుణుపూర్_మాస్టారు: మరి ఆ తేడా ఎవరు తేలుస్తారు? గాలో, బకిలో, కోర్టుకి ఎలా తెలుస్తుంది?

పర్లాకిమిడి_ప్లీడరు: అసలు చిక్కు అదే, ఒప్పుకుంటాను. హిమాచల్‌కి సొంత నిబంధనలున్నాయి: పైలట్‌కి లైసెన్సు ఉండాలి, కులూలో జులై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఎగరకూడదు. ఉల్లంఘిస్తే పట్టుకోవడం తేలిక. 2022లో కేంద్రం జాతీయ వైమానిక క్రీడల విధానం తెచ్చింది గానీ అది విధానమే, చట్టం కాదు. నిబంధనల్లేని చోట సాక్షులూ, వీడియోలే గతి.

జయపురం_గాలిపటం: బావగారూ, వీడియో ఉందా? ఈ రోజుల్లో వెయ్యి రూపాయలిచ్చి ఎక్కితే రెండొందలు వీడియోకే పోతాయి కదా. జీపు ఎంత దూరంలో ఆగిందో, తాడు ఎప్పుడు వదులైందో అందులో కనపడొచ్చు.

బరంపురం_బావ: వీడియో వాళ్ల దగ్గరే ఉంది, ఇవ్వనంటున్నారు. మా దగ్గర యూపీఐ రసీదొక్కటే ఉంది, అదీ ఎవరో వేరే పేరు మీద.

పర్లాకిమిడి_ప్లీడరు: రసీదు చాలు, డబ్బు ఇచ్చినట్టు రుజువు. పేరు వేరైతే ఆ పేరుగలాయనకీ నోటీసు పంపుదాం. వీడియో చెరపకూడదని అదే నోటీసులో రాయాలి, ఈ వారంలోనే. ఎక్స్‌రేలు, బిల్లులు పట్టుకుని ఆదివారం రండి. మాస్టారినీ తీసుకురండి, ఆయన వేసే ప్రశ్నలే అవతలి వకీలూ వేస్తాడు.