సీఈహెచ్ (ఎథికల్ హ్యాకింగ్ సర్టిఫికెట్ పరీక్ష) రాయాలంటే కోర్సు కొనాల్సిందేనా?

నమస్కారం అండి. విశాఖ రుషికొండలో ఒక చిన్న కంపెనీలో మూడేళ్లుగా నెట్‌వర్క్ సపోర్ట్ చేస్తున్నాను. ఫైర్‌వాల్ రూల్స్ మార్చడం, నైట్ షిఫ్టులో అలర్ట్ వస్తే లాగ్స్ చూసి ఆ ఐపీని బ్లాక్ చేయడం నా పనే.

సీఈహెచ్‌కి దాన్ని నిర్వహించే ఈసీ-కౌన్సిల్ అధికారిక శిక్షణ తీసుకోవాలి, లేదా సెక్యూరిటీలో 2 ఏళ్ల అనుభవం చూపించి 100 డాలర్ల దరఖాస్తు రుసుము కట్టాలి. అది తిరిగి రాదు. సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్‌ఏకి ఈ షరతు లేదు, ప్యాకెట్ ట్రేసర్ అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్ పెట్టుకుని సొంతంగా చదివి పాసయ్యాను. పని వచ్చో రాదో పరీక్షే తేల్చాలి గానీ, కోర్సు రసీదు ఎందుకండీ?

ద్వారకానగర్‌లో ఒక సెంటర్‌వాళ్లు కోర్సు లేకుండా కుదరదన్నారు. నా హోదా నెట్‌వర్క్ ఇంజినీర్. మేనేజర్ గారితో సెక్యూరిటీ పనులన్నీ లెటర్‌లో రాయిస్తే ఈసీ-కౌన్సిల్‌వాళ్లు ఒప్పుకుంటారా? ఇలా అప్లై చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.